రావ్నా మోగించిన గంట

రావ్నాకు భయం ఎక్కువ. ఈ మాట ఆమె వెనకాల అనేవాళ్ళు, మొహం మీదే అనేవాళ్ళు, అడిగితే ఆమే ఒప్పుకునేది. అలాగని పిరికిది కాదు. తోడేలు కూతకు బెదరదు, మంచు తుపానుకు వెనకాడదు, తప్పిపోయిన జింకను వెతుక్కురమ్మంటే స్కీలు కట్టుకుని ఒంటరిగా కొండ దాటి వెళ్ళేది. ఆమె భయమంతా ఒక్కదానికే, చలికాలపు ఆకాశంలో ఆడే వెలుగుకి. చదువుకున్నవాళ్ళు దాన్ని ఉత్తర ధ్రువ కాంతి అంటారు. మంచు జింకల మందల వెంట కొండల్లో తిరిగే సామీ జనం మాత్రం 'వినబడే వెలుగు' అంటారు. చలి బాగా ముదిరినప్పుడు అది చిటపటమంటుందని పెద్దవాళ్ళు చెబుతారు. దాని చప్పుడు మనకు వినబడితే వినబడనీ, మన చప్పుళ్ళు దానికి వినబడతాయన్నదే రావ్నా బెంగ.

దాని కింద ఎలా మసలుకోవాలో నేర్పింది ఆమె అమ్మమ్మ. ఈల వేయకూడదు. పాడకూడదు. పగలబడి నవ్వకూడదు. ఆడవాళ్ళు నెత్తిన శాలువా కప్పుకోవాలి. జింక మెడలో గంట ఉంటే విప్పేసి, చలికి బూట్లలో కుక్కుకునే ఎండుగడ్డి దాంట్లో కుక్కాలి, గంట నాలుక కదలకుండా. వెలుగు పచ్చగా ఆడుతుంటే ఈ జాగ్రత్త చాలు. ఎర్రబడిందంటే మాత్రం ఎక్కడివాళ్ళు అక్కడే చప్పుడు చేయకుండా కూర్చోవాలి. యుద్ధానికి ముందు ఒక చలికాలం ఆకాశం అలాగే ఎర్రబడిందట. తర్వాత జర్మన్లు వచ్చారు, పోతూపోతూ ఊళ్ళకు ఊళ్ళు తగలబెట్టి పోయారు. ఆ మంటల్లో అమ్మమ్మ ఇల్లూ పోయింది. "నేను ముందే చెప్పలా?" అంది అమ్మమ్మ బూడిద ముందు నిలబడి. ఇల్లు పోయినందుకు ఏడవడం మానేసి తన మాట నెగ్గినందుకు తల ఎగరేసే రకం ఆవిడ. చిన్నపిల్ల రావ్నా అప్పుడు ఆవిడ చెయ్యి పట్టుకునే ఉంది. ఆ రోజు పట్టుకున్న భయం, పెళ్ళయి ఇద్దరు పిల్లల తల్లయినా ఆమెను వదల్లేదు.

మొగుడు హెయిక్కా సరిగ్గా దీనికి ఎదురు. అతని నోరు ఊరికే ఉండదు. కుక్కను పిలవాలన్నా ఈలే, మందను మలపాలన్నా ఈలే, కాఫీ బాగుందని చెప్పాలన్నా ఈలే. ఈస్టరు పండక్కి చర్చి ఊళ్ళో వాళ్ళ పెళ్ళయింది. ఆ తర్వాత వచ్చిన మొదటి చలికాలంలోనే, నడినెత్తిన పచ్చటి వెలుగు ఆడుతుంటే తీరిగ్గా ఈల వేశాడు. రావ్నా పరిగెత్తుకొచ్చి రెండు చేతులతో అతని నోరు మూసేసింది.

"ఊపిరాడక చచ్చేట్టున్నానే! ఏంటిది?" అన్నాడు చేతులు విడిపించుకుని.

"ఈల వేస్తే నిజంగానే చస్తావు. అది వింటుంది."

"విననీ. ఇంత బాగా వేసేవాడు ఇంకెవడూ లేడని మెచ్చుకుంటుంది."

"కిందికి దిగొచ్చి ఎత్తుకుపోతుంది నిన్ను."

"పోతే పోనీవే. అంత ఎత్తు నుంచి మందను చూసుకోవడం తేలిక."

ఆ మాట మీద అతను నవ్వాడు, ఆమె ఏడ్చింది. కాపురం అంతా ఇంతే నడిచింది. ఆమె శాలువా కప్పుకోవడం, అతను ఎక్కిరించడం, ఆమె అలగడం. అలక ఎంతోసేపు ఉండేది కాదు. మంచు లోపలికి పోకుండా బూటు పైన చుట్టుకునే నేతపట్టీలు నేయడంలో ఆ కొండల్లో రావ్నాను మించినవాళ్ళు లేరు. ఎరుపూ పసుపూ కలిపి ఆమె నేసిన పట్టీ తప్ప హెయిక్కా కాలికి ఇంకొకటి ఎక్కేది కాదు. పైకి ఎన్ని మాటలన్నా, ఆమె నేసినదాన్ని అతను ఎంత మురిపెంగా చుట్టుకునేవాడో అందరికీ తెలుసు.

ఇక అత్తగారు బీరెత్. ఆవిడ నోటికి ఆ కొండల్లో దడవనివాడు లేడు. వెలుగు ఆడుతున్నా లెక్కచేయదు, నెత్తిన గుడ్డ లేకుండా బయటికి పోయి తన పని తాను చూసుకుని వస్తుంది. "నా మొహం చూసి అదే జడుసుకుంటుంది," అనేది. కోడలి భయాన్ని ఎక్కిరించడంలో కొడుకుతో పోటీ పడేది కూడా. కానీ మాంసం వండిన రోజు మూలగ ఎముకల్లో పెద్దది ఎప్పుడూ కోడలి గిన్నెలోనే పడేది. ఎందుకలా అని ఎవరైనా అడిగితే తిట్టి పంపేది.

ఆ ఏడు చలికాలం మొదటినుంచీ వంకరగానే నడిచింది. మంచు పడ్డాక ఒకరోజు వాన కురిసి, వెంటనే గడ్డకట్టి, నేలంతా గాజు పలక పరిచినట్టయింది. జింకలు గిట్టలతో ఎంత తవ్వినా కింద ఉన్న నాచు అందడం లేదు. సరస్సుకు ఇవతల అడవిలో చెట్ల కొమ్మలకు నాచు వేలాడుతుంది, మందను అటు మళ్ళిద్దామన్నాడు హెయిక్కా. రావ్నా, బీరెత్ ముందే జారుబండ్లతో వచ్చి ఇవతల ఒడ్డున గుడారం వేశారు. పిల్లలిద్దరూ చర్చి ఊళ్ళో హాస్టలు బడిలో ఉన్నారు. హెయిక్కా పెదనాన్న కొడుకు ఇస్సాత్ కుటుంబం గుడారం పక్క కొండ వెనకాల ఉంది.

మందకు ముందు నడిచే ముసలి మగ జింక కాలు బెణికింది. దాన్ని కూడా జారుబండ్ల వెంట ఇవతలికి తెచ్చేశారు. గంట ఉండేది దాని మెడలోనే. ఆ గంట ఎక్కడ మోగితే అక్కడ మేత ఉంటుందని మందకు పుట్టినప్పటినుంచీ అలవాటు. చీకట్లోనైనా, పొగమంచులోనైనా ఆ చప్పుడు పట్టుకుని వచ్చేస్తాయి.

సరస్సు నడుము దగ్గర సన్నబడుతుంది. అక్కడ అడుగున నీటి ఒరవడి ఎక్కువ. ఎంత చలికాలమైనా ఐసు గట్టిపడదు. పైన మంచు కప్పుకుని మిగతా సరస్సులాగే అమాయకంగా కనబడుతుంది. అందుకే మందలన్నీ పై కొసకు పోయి, రాతి గుట్ట చుట్టూ తిరిగి ఇవతలికి వస్తాయి. దారి రెట్టింపవుతుంది, అయినా ఎవరూ అడ్డదారి పట్టరు.

"మధ్యాహ్నం కాఫీకి వచ్చేస్తా. నీళ్ళు పెట్టి ఉంచు," అని చెప్పి పంపాడు హెయిక్కా.

ఆ రోజుల్లో సూర్యుడు పొడవడు. మధ్యాహ్నం కాసేపు మంచు నీలంగా మెరిసి, మళ్ళీ చీకటి పడుతుంది. ఆ నీలం పోతుండగానే వెలుగు మొదలైంది. ముందు కొండ మీద పచ్చటి చార. రావ్నా అలవాటుగా శాలువా లాక్కుంది. తలెత్తేసరికి చార వెడల్పయింది. దాని పై అంచు ఎర్రబడింది. ఆ ఎరుపు పైకి పాకింది, నడినెత్తికి చేరింది, అవతలి కొండ మీదికి దిగింది. మంచంతా ఎర్రబారింది. జింక ఎరుపు, గుడారం ఎరుపు, తన చేతులు ఎరుపు. ఒక్క చెట్టూ కదలడం లేదు. రావ్నా ఎలాగో ముసలి జింక దగ్గరికి వెళ్ళి, మెడలో గంట విప్పి, గడ్డి కుక్కి, గుడారంలో వచ్చి పడింది.

"ఆకాశం ఎర్రబడింది అత్తా."

"చూశాలే. పొయ్యిలో ఓ కట్టె వెయ్యి," అంది బీరెత్ మాంసం కుండలోంచి తల ఎత్తకుండా.

కాఫీ నీళ్ళు మరిగాయి. పక్కన పెట్టారు. చల్లారితే మళ్ళీ పొయ్యి మీద పెట్టారు. హెయిక్కా రాలేదు. రావ్నా గుడారం తలుపు గుడ్డ కొంచెం పక్కకు జరిపి చూడటం, మూసేయడం, మళ్ళీ జరపడం.

"నిలకడగా కూర్చోవే. చలంతా లోపలికి తోలుతున్నావు."

"ఈపాటికి గుట్ట తిరిగి ఇవతలి అడవిలోకి వచ్చుండాలి అత్తా. వచ్చి చాలాసేపయ్యుండాలి. అడవిలో పొగమంచు దిగింది, దారి తప్పాడేమో."

"ఎవరు, నా కొడుకా? వాడు కళ్ళకు గంతలు కట్టుకుని కూడా రాగలడు."

"ఎక్కడో ఆగాడేమో..."

"వాడు ఆగడమా? ఎప్పుడన్నా ఆగాడా? తోడేళ్ళు వెంటపడ్డ రోజు కూడా తిండి వేళకు ఇంట్లో ఉన్నాడు."

నిజమే. హెయిక్కా ఆగడు. వెలుగు ఆడుతుందని ఆగే మనిషి అసలే కాదు. రావ్నా లెక్కంతా ఆ నమ్మకం మీదే నిలబడింది. ఆగకపోతే గుట్ట దాటేశాడు. దాటేస్తే ఇవతల ఉన్నాడు. ఇవతల ఉండి రాలేదంటే దారి తెలియక అడవిలో తిరుగుతున్నాడు. తిరుగుతూ కుక్కను పిలుస్తుంటాడు.

"ఈల వేస్తుంటాడు అత్తా," అంది. "దీని కింద. ఇంత ఎరుపు కింద."

ఎప్పుడూ ఎదురు మాట సిద్ధంగా ఉండే బీరెత్ ఈసారి ఏమీ అనలేదు. గరిటె కుండలో అలాగే ఉండిపోయింది. ఆవిడ కూడా భయపడుతోందంటే ఇక మిగిలిందేముంది? రావ్నా లేచి గంట తీసుకుంది. వేళ్ళతో గడ్డి పెరికి పొయ్యిలో పడేసింది.

"ఏం చేస్తున్నావే?"

"గంట మోగిస్తా. ఆ చప్పుడు పట్టుకుని వచ్చేస్తాడు."

"నువ్వా? దాని కిందకు పోయి గంట మోగిస్తావా?"

"నన్ను ఎత్తుకుపోతే పోనీ. ఆయన ఇంటికొస్తే చాలు."

"మానవే రావ్నా. నా మాట విను. మందతో ఉన్నవాణ్ణి వాడి మానాన వదిలెయ్యాలి. ఇన్నేళ్ళ కాపురంలో మీ మామను నేను ఒక్కసారైనా పిలిచానా? ఎంత పొద్దుపోనీ, పిలిచానా?"

రావ్నా వినలేదు. అత్త మాట కాదనడం ఆమెకు అదే మొదలు. బయటికి వెళ్ళి, ఎర్రటి మంచులో నిలబడి, రెండు చేతులా పట్టుకుని గంట ఊపింది. గాలి లేని ఆ చలిలో చప్పుడు ఎంత దూరం పోయిందో చెప్పలేం. కొండకు కొట్టుకుని తిరిగి వచ్చింది. పైన ఎరుపు ఒక్కసారి వణికినట్టు అనిపించింది ఆమెకు. కళ్ళు గట్టిగా మూసుకుంది, చేతులు ఆపలేదు. భయంతో వెక్కుతూనే మోగించింది. అంత భయంలోనూ చేయి ఆపలేదంటే, మొగుడంటే ఆమెకు ఎంత ప్రాణమో వేరే చెప్పాలా?

కాసేపటికి ముసలి జింక చెవులు రిక్కించింది. తర్వాత రావ్నాకూ వినబడింది. జింకలు నడుస్తుంటే కాళ్ళలో నరాలు టిక్కు టిక్కుమంటాయి. మందంతా కదిలితే ఆ చప్పుడు ఎండుపుల్లలు విరిచినట్టు వినబడుతుంది. వస్తున్నాయి. పరుగున వస్తున్నాయి.

"అత్తా! వస్తున్నారు! వచ్చేస్తున్నారత్తా!" అంటూ ఇంకా గట్టిగా ఊపింది.

బీరెత్ బయటికి వచ్చింది. నవ్వబోయి ఆగింది. తల పక్కకు వంచి వింది.

"ఎటు నుంచే?" అంది.

రావ్నా చెయ్యి నెమ్మదించింది. చప్పుడు అడవి వైపు నుంచి రావడం లేదు. ఎదురుగా, సరస్సు వైపు నుంచి వస్తోంది. సరస్సు సన్నబడే చోటు నుంచి.

"ఆపు! గంట ఆపవే!" బీరెత్ వచ్చి గంట మీద పడి రెండు చేతులతో పొదివి పట్టుకుంది.

గంట ఆగింది. మంద ఆగలేదు. పొగమంచులో హెయిక్కా కేక వినబడింది. ఈల కాదు, కేక. "హోయ్! హోయ్! వెనక్కి!" అని మందకు ఎదురుపడి తరుముతున్న మనిషి కేక. తర్వాత ఐసు విరిగిన చప్పుడు, నీళ్ళ చప్పుడు, జింకల గురగుర. కేక ఇంకోసారి వినబడింది. మరి వినబడలేదు.

గంట చప్పుడు విని ఏం జరిగిందోనని బయల్దేరిన ఇస్సాత్, అతని తమ్ముళ్ళు తాళ్ళతో వచ్చారు. వెనకపడిన జింకలు కొన్ని ఒడ్డున నిలబడి వణుకుతున్నాయి. మిగతా మంద నీళ్ళపాలైంది. హెయిక్కాను బయటికి లాగేసరికి అతని ఒళ్ళు కొయ్యబారిపోయింది. రావ్నాను ఇద్దరు ఆడవాళ్ళు పట్టుకోవాల్సి వచ్చింది. బీరెత్‌ను ఎవరూ పట్టుకోలేదు. ఆవిడ కొడుకు తల ఒళ్ళో పెట్టుకుని, జుట్టులో గడ్డకట్టిన ఐసు ఒక్కొక్కటే తీస్తూ కూర్చుంది.

అడుగుల జాడ పట్టుకుని మగవాళ్ళు అవతలి వైపు వెళ్ళారు. జాడ రాతి గుట్ట దాకా వచ్చింది, దాటలేదు. గుట్ట మొదట్లో, సరస్సుకు అవతలే, మంట వేసుకున్న గుర్తు ఉంది. పక్కన కాఫీ కెటిలు, అందులో ఇంకా సగం కాఫీ. మంద పడుకున్న గుంతలు మంచులో వరసగా ఉన్నాయి. కాస్త ఎడంగా బర్చి చెట్టుకు కుక్క కట్టేసి ఉంది. మొరగకుండా దాని మూతికి ఎరుపూ పసుపూ పట్టీ మెత్తగా చుట్టి ఉంది. హెయిక్కా తన కాలి బూటు నుంచి విప్పి కట్టాడు దాన్ని.

"నాకు అర్థం కావట్లా," అన్నాడు ఇస్సాత్ ఆ పట్టీని రావ్నా చేతిలో పెడుతూ. "బతుకంతా ఈల వేసుకుంటూ తిరిగినోడు. ఆ రోజు కుక్క నోరు కూడా కట్టేసి, ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్నాడు. అక్కడే కూర్చునుంటే ఏమయ్యేది కాదు."

రావ్నాకు అర్థమైంది. ఎదురుగా ఉన్నప్పుడు ఎక్కిరించాడు. ఒంటరిగా ఉన్నప్పుడు తన మాట విన్నాడు. ఎన్నాళ్ళ నుంచి వింటున్నాడో ఇక అడగడానికి మనిషి లేడు. ఆ పట్టీని నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

మట్టి చేసి వచ్చాక ఇస్సాత్ గుడారంలో అందరూ కూర్చున్నారు. ఆ కొండల్లో పెద్దరికం అతనిదే. కాఫీ కప్పులు తిరిగాయి కానీ ఎవరూ తాగలేదు. ఇస్సాత్ గొంతు సవరించుకున్నాడు.

"అడగాల్సిన మాట ఒకటుంది పిన్నీ. ఆ రోజు గంట మోగింది. కొండ వెనకాల మాకే అంత గట్టిగా వినబడింది. ఆ ఎరుపు కింద ఎవరు మోగించారు?"

రావ్నా నోరు తెరిచింది. మాట వచ్చేలోపే పక్కనుంచి బీరెత్ అంది, "నేనే."

"అత్తా..."

"నువ్వు నోర్ముయ్. నేనే మోగించాను. వాడు రాలేదని విసుగొచ్చి మోగించాను. ఆ వెలుగంటే నాకు లెక్క లేదని మీకందరికీ తెలిసిందేగా."

"కాదు బావగారూ!" రావ్నా లేచి నిలబడింది. "అత్త కాదు, నేను. నేనే మోగించాను. అత్త వద్దంటే వినకుండా మోగించాను."

అందరూ ఆమె వైపు చూశారు. పచ్చటి చార కనబడితేనే శాలువాలో దూరే రావ్నా. ఎర్రటి ఆకాశం కిందికి పోయి గంట మోగించిందట. ఇస్సాత్ పెళ్ళాం లేచి వచ్చి ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసింది.

"నీ మనసు మాకు తెలుసు అమ్మాయ్," అన్నాడు ఇస్సాత్ జాలిగా. "అత్త మీద పడకూడదని అంటున్నావు. కూర్చో."

ఎంత చెప్పినా అంతే. ఒట్టు పెట్టుకుంది, నమ్మలేదు. ఎంత గట్టిగా చెబితే అంత మంచి కోడలన్నారు. బీరెత్ మాత్రం పొయ్యి వైపు చూస్తూ కూర్చుంది.

ఆవిణ్ణి ఎవరూ పొమ్మనలేదు. వాళ్ళలో అలాంటి మాట పైకి అనరు. కానీ గుడారాలు ఎత్తే రోజున ఆవిడ జారుబండికి జింకను కట్టడానికి ఒక్క మగవాడూ ముందుకు రాలేదు. పిల్లలున్నవాళ్ళు ఆవిడ పొయ్యి దగ్గరికి రావడం మానేశారు. కన్నకొడుకు మీదికి ఆకాశాన్ని పిలిచిన మనిషి వెంట ఎవరు నడుస్తారు? చర్చి ఊళ్ళో, పిల్లల హాస్టలు వీధిలోనే ఒక గది దొరికింది. రావ్నా తనే జింకను కట్టి, అత్తను జారుబండిలో కూర్చోబెట్టి తీసుకెళ్ళింది.

గదిలో తోళ్ళు పరిచింది. కట్టెలు మోసుకొచ్చి గోడవారన పేర్చింది. పొయ్యి రాజేసి నీళ్ళు పెట్టింది. ఇక చేయడానికి ఏమీ మిగలక అత్త ముందు నేల మీద కూలబడింది.

"ఎందుకు అత్తా అలా చెప్పావు? నన్ను కాపాడి నువ్వేం బావుకున్నావు?"

"నిన్నా?" బీరెత్ ఆమె వైపు చూసింది. నవ్వూ లేదు, తిట్టూ లేదు ఆ చూపులో. "నిన్ను నేనెందుకు కాపాడతానే? పిల్లలకు తండ్రి పోయాడు. తల్లి పిలిచి చంపిందని బళ్ళో తోటి పిల్లలు అనాలా? ముసలిది చంపిందంటే అననీ. ముసలిది నాలుగు రోజుల్లో పోతుంది, మాటా పోతుంది."

రావ్నా ఆవిడ కాళ్ళు పట్టుకుంది. బీరెత్ కాళ్ళు లాక్కోలేదు, చెయ్యి ముందుకూ చాపలేదు.

"వద్దన్నాను నీకు," అంది. "వాడి మానాన వాణ్ణి వదిలెయ్యమన్నాను."

"అత్తా..."

"లే. చీకటి పడకముందే అడవి దాటాలి నువ్వు."

రావ్నా లేచింది. తలుపు దాకా వెళ్ళి, గడియ మీద చెయ్యి వేసి ఆగింది.

"వచ్చే ఆదివారం రానా అత్తా? మాంసం తెస్తాను."

బీరెత్ పొయ్యిలోకి ఒక కట్టె తోసింది.

"పిల్లల్ని పంపు," అంది. "నువ్వు రావద్దు."